పాత స్టేడియంలో ఒక కాన్పు

న్యూజెర్సీలోని పాత అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో కొన్నేళ్లపాటు మ్యాచ్ రోజుల్లో ప్రథమ చికిత్స గదిలో డాక్టరుగా పనిచేశాను. గది గ్యాలరీ కింద ఉండేది. బెణికిన కాళ్లు, తాగి పడి తల పగలగొట్టుకున్నవాళ్లు, చలికి బిగుసుకుపోయిన ముసలివాళ్లు. వచ్చే కేసులు అవే.

ఒక ఆదివారం ఒక తెలుగబ్బాయి నిండు గర్భిణి అయిన భార్యను నడిపించుకుంటూ వచ్చాడు. పిస్కాటవేలో ఉంటారట. ఆఫీసులో ఎవరో టికెట్లు ఇచ్చారట.

"డ్యూ డేట్‌కి ఇంకా టైముంది డాక్టర్ గారూ. గ్యాస్ పెయినేమో," అన్నాడు.

"నువ్వు కాసేపు ఆగు," అంది ఆ అమ్మాయి పళ్లు బిగించి.

పరీక్షించాను. బిడ్డ తల కనిపిస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి లేదు. నేను గుండె డాక్టర్ని. కాన్పులు చేసింది గుంటూరులో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లోనే. చేతులు మాత్రం మరిచిపోలేదు. నర్సు, నేను కలిసి బిడ్డను బయటికి తీసిన క్షణంలోనే పైన మైదానంలో ఎవరో బంతిని గీత దాటించి టచ్‌డౌన్ చేశారు. జనం అరుపులకు గది అదిరిపోయింది.

"పాప ఏడవట్లేదేంటి డాక్టర్ గారూ?" తల్లి కేక పెట్టింది.

"ఏడుస్తోందమ్మా. నీకు వినపడట్లేదంతే."

ఆమె నమ్మలేదు. బిడ్డను ఆమె గుండెల మీద పడుకోబెట్టాను. ఆ చిన్న పొట్ట ఎగసిపడటం చేతికి తగిలాక శాంతించింది.

తర్వాత పక్కనే కొత్త స్టేడియం కట్టారు. పాతదాన్ని కూల్చి కార్లు నిలిపే చోటు చేశారు. ఇప్పుడు ఆ పిల్ల కాలేజీలో చదువుతోంది. పుట్టిన చోటు చూడాలంటోందని తల్లి ఫోన్ చేస్తే, మొన్న అక్టోబరులో ఒక మ్యాచ్ రోజు ముగ్గురం వెళ్లాం.

"ఎగ్జాక్ట్‌గా ఎక్కడ, ఆంటీ?" అందా పిల్ల.

నాకు గుర్తుపట్టడానికి ఏ ఆనవాలూ మిగల్లేదు. సుమారుగా ఒక ట్రక్కు నిలిపి ఉన్న చోటు చూపించాను. మ్యాచ్ మొదలయ్యేదాకా అభిమానులు అక్కడే వండుకు తింటుంటారు. ట్రక్కు వెనక మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న పెద్దాయన, మా వాలకం చూసి ఏం వెతుకుతున్నారని అడిగాడు. పిల్ల చెప్పింది.

"ఆ రోజు మన టీమ్ గెలిచిందా?" అన్నాడాయన.

మాకెవరికీ తెలియదు. తల్లి భర్తకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"ఓడిపోయాం. లాస్ట్ మినిట్‌లో," అన్నాడతను తడుముకోకుండా.

పెద్దాయన విచారంగా తల ఊపి, మాకు తలా ఒక పొత్తు ఇచ్చాడు. ట్రక్కుకు ఆనుకుని నిలబడి తిన్నాం.