ఆంబోతు గోత్రం

అమెరికాలో మా క్యారీ ఊరి శివార్లలో మేలుజాతి బీఫ్ పశువులు పెంచే అంకుల్ ఒకాయన, తెలుగువాళ్లెవరు కనిపించినా ముందు గోత్రం అడిగేవారు.

ఆయన ఆంబోతు తోక వెంట్రుకలు మా ల్యాబ్‌లో టెస్ట్ చేస్తే వంశపారంపర్య లోపం బయటపడింది. అది దాని కూతుళ్లలోనూ ఉండొచ్చు, తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే దూడ దక్కదు, వాటిని దీనితో దాటించొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో!

"ఎంత దిట్టంగా ఉన్నాడో చూడమ్మా! వీడికి డిఫెక్టేంటి?" అని దాని వీపు నిమిరేవారు. లోపం పైకి కనపడదంటే తలూపేవారు. మళ్లీ అదే పని.

ఆ వసంతంలో కాళ్లు వంకరపోయిన దూడ చచ్చి పుట్టింది. దాని పక్కన కూలబడ్డ ఆయన్ని చూస్తే జాలికన్నా ముందు ఒళ్లు మండింది.

"తండ్రీకూతుళ్లు, అంకుల్! ఇద్దరిదీ ఒకే గోత్రం!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడ్డారు.

"అయ్యయ్యో! ఆ మాట ముందే చెప్పొద్దూ?"