ఆరో అంతస్తు అంకుల్

పోయిన మంగళవారం అంకుల్ పోయారు. "అక్కా, నాన్న ఈజ్ గాన్. నిద్రలోనే లా" అని, మాట చివర ఇక్కడివాళ్ళ ఊతపదం కూడా వదలకుండా, వాళ్ళమ్మాయి ఫోన్లో ఏడ్చింది.

ఐటీ ఉద్యోగాలు ఊపందుకున్న రోజుల్లో నాకు ఇక్కడి ఆఫీసుల పేట రాఫెల్స్ ప్లేస్‌లో పని దొరికింది. టోవా పాయో అనే పేటలో అంకుల్ వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని మూడేళ్ళున్నాను. అంకుల్ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఈ దేశం వచ్చి ఇక్కడే ఉండిపోయారట. అంకుల్ పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆంటీ అప్పటికే లేరు.

ఆ పాత బ్లాకులో లిఫ్ట్ ఆరో అంతస్తులో, పదకొండులో మాత్రమే ఆగేది. మా ఇల్లు ఆరులో, లిఫ్ట్‌కు ఎదురుగా. ఏడు, ఎనిమిది అంతస్తుల వాళ్ళంతా మా గుమ్మం ముందు దిగి మెట్లెక్కాల్సిందే. "మకాన్ అయిందా?" అని, అంటే అన్నం తిన్నారా అని అడగకుండా అంకుల్ ఎవరినీ పోనిచ్చేవారు కాదు. కొత్తవాళ్ళు దొరికితే బురదనేల, కూరగాయల మళ్ళు పోయి ఈ బ్లాకులు లేచిన కథంతా చెప్పేవారు. నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళిన రోజుల్లో సగం ఆ కథ పుణ్యమే.

తర్వాత పాత బ్లాకులను బాగుచేస్తామని, లిఫ్ట్ ప్రతి అంతస్తులోనూ ఆగుతుందని చెప్పి ఓటింగ్ పెట్టారు. నాలుగింట మూడొంతుల ఇళ్ళు ఒప్పుకోవాలి.

"అందరి గుమ్మంలోనూ ఆగితే ఇంక నా మొహం ఎవడు చూస్తాడమ్మాయ్?" అన్నారు అంకుల్. క్రేన్ నడిపిన మనిషి లిఫ్ట్‌కు అడ్డం పడటమేమిటని ఆటపట్టించాను. నవ్వలేదు. వెళ్ళి వద్దని ఓటేసి వచ్చారు.

ఎనిమిదో అంతస్తులో మోకాళ్ళు పట్టేసిన మలయ్ పెద్దావిడ ఉండేది. మక్‌చిక్ అనేవాళ్ళం, మన పిన్నిగారు లాంటి పిలుపు. ఆస్పత్రికి వెళ్ళాలంటే కొడుకులు కుర్చీలో మోసి మా గుమ్మం దాకా దించాలి. మిగతా రోజుల్లో ఇల్లు కదిలేది కాదు. ఆ కొడుకులకు మంచినీళ్ళిచ్చింది అంకులే. అయినా వద్దనే వేశారు.

ఓటింగ్ నెగ్గింది. ఏడాదిపైగా దుమ్ము, డ్రిల్లింగ్ మోత భరించాం. కొత్త లిఫ్ట్ మొదలైన పొద్దున మక్‌చిక్ ఒక్కతే, కర్ర పట్టుకుని, కొబ్బరి మిఠాయిల డబ్బాతో మా అంతస్తులో దిగింది. అంకుల్ మిఠాయి తీసుకుని ఆమెకు కుర్చీ వేశారు.

"తప్పు చేశానమ్మాయ్. నా కబుర్ల కోసం ఆమెని పైనే కట్టి పడేయబోయాను. నేనున్నంత కాలం ఆమెకి చెప్పకు" అన్నారు ఆ సాయంత్రం. మర్నాటి నుంచి రోజూ పైకెళ్ళి ఆమెను మార్కెట్టుకు తీసుకెళ్ళేవారు. నాకు ఆయన మీద నిజంగా ప్రేమ కలిగింది అప్పుడే.

ఇప్పుడు యూ టీ అనే మరో పేటలో ఉంటున్నాను. కబురు తెలియగానే వెళ్ళాను. ఇక్కడి పద్ధతిలో బ్లాకు కింద, గోడల్లేని ఖాళీ అంతస్తులో ఆయనను పడుకోబెట్టారు. పక్కనే కూర్చున్న మక్‌చిక్‌కు ఆ ఓటు సంగతి చెప్పేశాను.

"తెలుసు లా" అంది. "ఓటేయడానికి కొడుకులు నన్నూ కుర్చీలో దించారు, ఆ రోజు నన్ను చూడకుండా మొహం తిప్పుకుపోయారు మీ అంకుల్. అందుకే ముందు ఆయన దగ్గరికే దిగాను. లేకపోతే ఇంకెప్పటికీ నా ఎదుటికి వచ్చేవారు కాదు."

నా చేతిని గట్టిగా పట్టుకుని లేచింది. ఆమెను లిఫ్ట్ ఎక్కించి, తలుపు పైన వెలిగే అంకెలు చూస్తూ కిందే నిలబడ్డాను. ఎనిమిదికి వెళ్ళాల్సిన లిఫ్ట్ ఆరు దగ్గర ఆగింది. ఆ వేళ ఆ ఇంట్లో ఎవరూ లేరు, అందరం కిందే ఉన్నాం. చాలాసేపటికి గానీ ఆ అంకె మారలేదు.