పాస్టరమ్మ పాఠాలకు నా పేరు

మొన్న పొద్దున బడి వరండాలో పిల్లలకు పాలు పోస్తున్నాను. వంట చేసే ఆవిడ లోపలి నుంచి వచ్చి, "మిస్, పాస్టరమ్మ పోయిందంట. తెల్లారి లేపితే లేయలేదంట. మధ్యాన్నం మట్టి చేస్తారు" అంది. నేను "అయ్యో" అన్నాను. చేతిలో గ్లాసు నింపి ఇచ్చి, తర్వాతి గ్లాసు కూడా నింపాను. నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఆమెకిచ్చిన మాట గురించి ఇక అడిగేవాళ్ళు లేరన్న తేలిక. ఆ తేలిక ఎంతోసేపు ఉండలేదు గానీ, ఉన్న మాట నిజం. అందుకే ఇది రాస్తున్నాను.

పావగడ తాలూకాలో, సోలార్ పార్కు అంచున మా బడి ఉన్న ఊళ్ళో ఒక చిన్న ప్రార్థన మందిరం ఉంది. రేకుల కప్పు, ముందర కాస్త జాగా. దాన్ని నడిపిన పాస్టరు గారి భార్య ఆమె. ఆయన పోయాక కూడా ఊరంతా ఆమెను పాస్టరమ్మ అనే పిలిచింది. నేను పావగడ బజారులో అంగడి నడుపుకునే ఇంట్లో పుట్టాను. టీచరుగా ఈ పల్లెకు వచ్చేదాకా వేరుశెనగ పూత నేలలోకి ఎలా దిగుతుందో చూసినదాన్ని కాదు. అది నాకు మొదట చూపించింది పాస్టరమ్మే.

శనివారం బడి ఒంటిపూట. మధ్యాహ్నం నుంచి మందిరం ముందర ఆమె బడి మొదలయ్యేది. వచ్చే పిల్లలు దాదాపు అందరూ గొర్రెలు కాచిన ఇళ్ళవాళ్ళు. ఎందుకు పెట్టారమ్మా ఈ బడి అని ఒకసారి అడిగాను.

"భూములు సోలారుకిచ్చి గొర్రెలు అమ్ముకున్నారు మా. తప్పని అనను, వానల్లేక ఎంత కష్టపడినారో నాకు తెలుసు. అయితే పిల్లోళ్ళు బీళ్ళలోకి పోయేది నిలిచిపాయ. యా ఆకు చూపించినా 'చెట్టు' అంటారు, యా పురుగు చూపించినా 'పురుగు' అంటారు. దేవుడు ఇన్ని చేసి పెడితే రెండే పేర్లా?"

చిల్లులు పొడిచిన మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేది. పట్టిన పురుగును సాయంత్రం దాటి అందులో ఉంచేది కాదు. "వాళ్ళూ ఇంటికి పోవాల గదప్పా" అని, పట్టిన పిల్లతోనే పట్టిన చోట వదిలించేది. ప్రార్థన మాత్రం పాఠం చివరనే. "ముందు చూడండి, ఆమీద ప్రార్థన. చూడకుండా దేనికని స్తోత్రం చెప్తారు?" అనేది. ఆ ప్రార్థన కళ్ళు తెరుచుకుని చేయాలి. ఎవరైనా అలవాటుగా మూసుకుంటే నవ్వి, చుబుకం పట్టుకుని తల ఎత్తేది.

ఒక శనివారం రెండు నూనె డబ్బాలను నిలువునా కోయించి తెచ్చింది. ఒకదాంట్లో ఉత్త మన్ను. ఇంకోదాంట్లో గరికతో సహా పెళ్ళగించి తెచ్చిన మన్ను. రెంటినీ ఇటుకల మీద వాలుగా పెట్టి, కింద గాజు గ్లాసులుంచి, పైనుంచి చిల్లుల డబ్బాతో వాన కురిపించమంది. ఒక గ్లాసులో ఎర్రటి బురద దిగింది. ఇంకోదాంట్లో నీళ్ళు తేటగా, అదీ కొంచెం కొంచెంగా దిగాయి.

"ఈ ఎర్రనీళ్ళు యాడికి పోతాయప్పా?"

"చెరువుకు!"

"మరి ఈ మన్ను ఎవురిది?"

"మా తాతది!" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు.

"మీ తాతది గూడా కాదు. దేవునిది. చూసుకోమని మీ తాతకు ఇచ్చినాడు. మీ తాత నీకిస్తాడు. బురద చేసి ఇస్తే తీసుకుంటావా?"

ఆ పిల్ల మా బడిలో నాలుగో తరగతి. రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూసి, "మళ్ళా ఒకసారి పోద్దామా?" అని అడిగింది. అలా ఏదో ఒకటి అడగకుండా ఉండేది కాదు. సోమవారం నా తరగతిలోనూ, "మిస్, పేడపురుగు ఎనక్కి ఎందుకు నడుస్తాది?" అని మొదలుపెట్టేది. నాకు తెలియదని చెప్పడానికి నేను అప్పుడు మొహమాటపడలేదు.

ఊళ్ళో అందరికీ ఈ బడి నచ్చిందని కాదు. ఒక తండ్రి వచ్చి, "ఏమ్మా, మా పిల్లోళ్ళకు మీ దేవుణ్ణి నేర్పిస్తా ఉండావా?" అని నిలదీశాడు. పాస్టరమ్మ కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"నా దేవుని పేరు నేను చెప్తానప్పా, దాచిపెట్టను. నీ బిడ్డ మీ దేవుని పేరు చెప్తాది, నేను వద్దనను. ఈ పురుగు మాత్రం ఇద్దరికీ ఒకటే. నువ్వూ కూచో, చూద్దువు."

ఆయన కూర్చోలేదు. అలాగని కూతుర్ని లేపుకునీ పోలేదు.

ఇక నా సంగతి. ఆ ఏడు తాలూకా సైన్సు ప్రదర్శనకు మా బడి నుంచి ఏదైనా తీసుకురమ్మన్నారు. నాకేమీ తోచక పాస్టరమ్మను అడిగాను. ఆమె తన పొడుగు నోటుబుక్కు తెచ్చిచ్చింది. ప్రతి పేజీలో పైన ఒక బైబిలు వాక్యం, నడుమ పిల్లలు చేయాల్సిన పని, అడుగున రెండు వరుసల ప్రార్థన. ఏళ్ళ తరబడి చేసి, కొట్టేసి, మళ్ళీ రాసుకున్న పాఠాలు.

"తీస్కపో మా. పిల్లోళ్ళకు పనికొస్తే ఇంగేం కావల్ల" అంది.

ఊళ్ళో అందరం తెలుగే మాట్లాడినా మాది కన్నడ బడి కాబట్టి అన్నీ కన్నడంలోకి మార్చి రాశాను. ప్రభుత్వ బడిలో కుదరవని వాక్యాలూ ప్రార్థనలూ తీసేశాను. వాటిని తీయడానికి కారణం ఉంది. ఆమె పేరు తీయడానికి ఏ కారణమూ లేదు. కూర్చుని ఒక్కో మాటా మారుస్తుంటే, నా అక్షరాల్లో ఉన్నదంతా నాదే అనిపించసాగింది. ప్రదర్శనలో మా పిల్లలకు మొదటి బహుమతి వచ్చింది. "ఇవన్నీ మీ సొంత ఆలోచనలేనా?" అని బహుమతి ఇచ్చినాయన అడిగితే, "అవును సార్" అన్నాను. తర్వాత విద్యాశాఖ వాళ్ళు ఆ పాఠాలను చిన్న పుస్తకంగా అచ్చేసి బడులకు పంచారు. అట్ట మీద నా పేరు. చదివేవారిలో ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం ఉంటే దయచేసి ఆ పేరు కొట్టేయండి.

నోటుబుక్కు తిరిగిచ్చేటప్పుడు అచ్చు పుస్తకం సంగతి ఆమెకు చెప్పలేదు.

కొన్ని నెలలకు ఒక శనివారం మా బడి చూడడానికి ఒక అధికారి వచ్చాడు. సాగనంపడానికి జీపు దాకా నడుస్తుంటే దారిలో మందిరం. ముందర పిల్లలు నూనె డబ్బాల మీద వాన కురిపిస్తున్నారు. ఆయన ఆగి, "ఇవి మన టీచరు పుస్తకంలోవి కదా! మీకెక్కడ దొరికింది?" అని పాస్టరమ్మను కన్నడంలో అడిగాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఆయన వైపు, తర్వాత నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

"కాదు సార్, మా పాస్టరమ్మనే..." అని ఆ నాలుగో తరగతి పిల్ల ఏదో చెప్పబోయింది. పాస్టరమ్మ ఆ పిల్ల నోటి మీద మెల్లగా చెయ్యి పెట్టింది.

"అవును సార్. ఈ టీచరమ్మ దగ్గరే నేర్చుకున్నాను" అంది, ఆమె కూడా కన్నడంలోనే.

"మంచిది. కానీ అందులో లేనివేవీ కలపకండి" అన్నాడాయన, గోడ మీది సిలువను చూస్తూ.

"సరే సార్" అంది.

జీపు వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరగకుండా బడికి వచ్చేశాను. ఆ తర్వాత శనివారాలు అటు వెళ్ళడం మానేశాను. ఆమె ఎదురొస్తుంటే పక్క సందులోకి తిరిగేదాన్ని.

పోయినేడు పావగడ బస్సులో తప్పించుకోలేకపోయాను. ఉన్న ఒక్క సీటూ ఆమె పక్కనే. సంచి ఒళ్ళోకి తీసుకుని, "కూచో మా" అంది. కాసేపయ్యాక, "పిల్లోళ్ళు ఇంగా చేస్తా ఉండారా అవన్నీ?" అని అడిగింది.

"చేస్తున్నారమ్మా." ఆమె వైపు తిరిగి, "అమ్మా, ఆ పుస్తకం..." అన్నాను.

"నొప్పి కాలేదని చెప్పను మా. అయింది" అంది. కోపం లేదు, తీపీ లేదు. "నా పేరు పోయినందుకు కాదు. ఆ చిన్నదాని ముందర నాతో అబద్ధం చెప్పిస్తివి. చెప్పింది నేనే, నా నోరే. వారం దినాలు దేవుణ్ణి బతిమాలినా, నన్ను క్షమించమని. దేవుని దగ్గర నా పని అయిపాయ. ఆ చిన్నదాని దగ్గర నాది గాదు, నీది. దానికి నువ్వు నిజం చెప్పల్ల."

"చెప్తానమ్మా" అన్నాను.

చెప్పలేదు. ఆ పిల్ల అప్పటికే హైస్కూలుకు వెళ్ళిపోయింది. రోజూ మా బడి ముందరి నుంచే సైకిల్ మీద వెళ్ళేది. రేపు చెబుతాననుకునేదాన్ని.

మొన్న ఆమెను మట్టి చేసిన శ్మశానం సోలార్ కంచెను ఆనుకునే ఉంది. పక్కూరి పాస్టరు ప్రార్థన ముగించి, తలా పిడికెడు మన్ను వేయమన్నారు. శనివారం బడి పిల్లలు ముందు నిలబడ్డారు. ఒక్కొక్కరూ అరచేయి విప్పి, మన్నులో చీమో పురుగో ఉంటే ఏరి పక్కన వదిలి, అప్పుడు వేశారు. వెనక పెద్దవాళ్ళు తొందరపెట్టినా వినలేదు. నేను కూడా పిడికెడు మన్ను తీసుకుని వరుసలో నిలబడ్డాను. మన్ను వేసి వెనక్కి వస్తూ ఆ పిల్ల నాకు ఎదురైంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. నాకంటే పొడుగు. వరుసలోంచి తప్పుకుని, కంచె దగ్గరికి రమ్మన్నాను.

"ఆ రోజు సారు ముందర నువ్వు చెప్పబోయిందే నిజం. ఆ పాఠాలు పాస్టరమ్మవి. నేను నావని చెప్పుకున్నాను."

"తెలుసు మిస్."

"ఎవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలే. మీరు తల వంచుకుంటిరి గదా." అరచేతికి అంటిన మన్ను దులుపుకుంది. "నేను నిజం చెప్పబోతే పాస్టరమ్మనే నా నోరు మూసె. ఇంగ నాకు భయమాయ. ఏమన్నా అడిగితే ఎవురికి ఇబ్బంది అయితాదో అని, మీ క్లాసులో అడిగేది ఇడ్సిపెడితి."

ఐదో తరగతిలో ఆ పిల్ల నోరు విప్పకపోవడం నేను గమనించాను. పెద్దదవుతోందిలే అనుకున్నాను.

"హైస్కూల్లో అడుగుతున్నావా?"

"లేదు మిస్. అలవాటు తప్పిపాయ."

మాటలో నిష్ఠూరమేమీ లేదు. "పోయొస్తా మిస్" అని సైకిల్ తీసుకుని వెళ్ళిపోయింది. నేను తిరిగి చూసేసరికి వరుస లేదు. ఇద్దరు మనుషులు పారలతో గుంత పూడ్చేసి, పైన మన్ను సర్దుతున్నారు. ఒకాయన నన్ను చూసి, "అయిపాయ మిస్" అన్నాడు. చెమటకు ముద్దయిపోయిన మన్నును పిడికిట్లోనే పట్టుకుని, దాన్ని ఎక్కడ వేయాలో తెలియక, ఆ కంచె పక్కన చాలాసేపు నిలబడ్డాను.