సగం మడిచిన చీర

మొన్న మేడ్చల్‌లో మా నాయిన బట్టల కొట్లో కూర్చున్నాను. ఆయన ఒక కొత్త చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. దాని వెంటే షాహీనక్క గుర్తొచ్చింది. నా మొదటి ఉద్యోగంలో పని నేర్పిన డిజైనర్ ఆమె. శామీర్‌పేట నుంచి స్కూటీ మీద వచ్చేది. ఏది కొత్తగా కనబడ్డా, అది ఎలా పనిచేస్తుందో చూడందే కదిలేది కాదు.

అప్పుడు మేము చేస్తున్నది చిన్న కొట్లవాళ్లు ఫోన్‌లోనే టోకు ధర బేరమాడే యాప్. బేరాల ఇంట్లో పుట్టానని ఆ పని నాకిచ్చారు. నా బేరమంతా ఆటోవాడితో పది రూపాయలు తగ్గించి, దిగాక చిల్లర లేదంటే ఆ పదీ వదిలేసేంత గొప్పది. అయినా ఒక సంగతి తెలుసు: అడిగిన ధరకు వెంటనే సరేనంటే, కొనేవాడికి ఎక్కువ చెప్పానేమోనని దిగులు పుడుతుంది. అందుకే జవాబు ముందు ‘కాస్త ఆలోచిస్తున్నట్టు ఉండాలి’ అని నేను గీసిన తెరల బొమ్మల పక్కన రాసి, కోడ్ రాసే నరేశ్‌కు ఇచ్చాను. అతను తెర మధ్యలో గిరగిరా తిరిగే చక్రం పెట్టాడు. కొట్లవాళ్లు నెట్ పోయిందనుకుని యాప్ మూసేశారు. వారాంతంలో మళ్లీ చూపించాలి. అప్పుడూ మూసేస్తే నా ఉద్యోగం ఉండదని పైవాళ్లు చెప్పేశారు.

నరేశ్‌తో గొడవకు దిగాను. షాహీనక్క మధ్యలోకొచ్చింది. కొట్టువాళ్ల ఇంట్లో పుట్టానని నన్ను సేఠ్ అనేది.

“గా పిలగాన్ని ఏమంటవ్ సేఠ్? మీ నాయిన చీర గురించి చెప్తడా, ఇప్పి చూపిస్తడా?”

ఆ సాయంత్రమే మా కొట్టుకొచ్చి ఒక చీరకు ధర చెప్పింది. నాయిన గిట్టదన్నట్టు దాన్ని సగం మడిచాడు, ఆగాడు, నిట్టూర్చి సరేనన్నట్టు మళ్లీ విప్పాడు. అక్క చీర వంకే చూడలేదు.

“ఇంకోసారి మడువుర్రి చాచా,” అంది.

బేరం చెడిందనుకుని నాయిన అక్క చెప్పిన ధరకన్నా ఇంకాస్త తగ్గించాడు. అడక్కుండా ఆయన తగ్గించడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మర్నాడు నన్ను ప్రోటోటైప్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టింది. కోడ్ లేకుండానే, వేలితో నొక్కితే నిజం యాప్‌లా కదిలే నమూనా చేశాం. ధర పంపగానే సరుకు బొమ్మ సగం మడతపడుతుంది, ఆగుతుంది, జవాబుతో విచ్చుకుంటుంది. నరేశ్‌కు వివరించబోతే అక్క నన్ను ఊరుకోమని సైగ చేసి, ఫోన్ అతని చేతిలో పెట్టింది. అతను నొక్కి, ఊపిరి బిగబట్టాడు.

“అరె, ఇయ్యడేమో అనుకున్న,” అన్నాడు. తర్వాత అడిగాడు: “ఆగినప్పుడు మల్ల నొక్కితే ఏమైతది?”

అంత మాట్లాడిన నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. అప్పటికప్పుడు నమూనాలో దానికీ జవాబు పెట్టాం. నరేశ్ దాన్ని చూసే కోడ్ రాశాడు. వారాంతంలో కొట్లవాళ్లు యాప్ మూయలేదు. ఒకాయన మడత విచ్చుకునేదాకా ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లు నోటితో వివరించబోతే, నేనూ ఊరుకోమని సైగ చేస్తాను. నా నోరు మూయడమే ఇప్పటికీ కష్టం.

మొన్న నాయిన ఆ కొత్త చీరను సగం మడిచి ఆగాడు. కొనడానికొచ్చిన ఆమె చీరనే చూస్తోంది. నేను ఆయన చేతులు చూస్తున్నాను.