హాజరుపట్టీలో పంతొమ్మిది పేర్లు

"ఏమమ్మా, మీ ఆయనకి అన్నం పెడుతున్నావా, ఉప్పు పెడుతున్నావా?"

1959 ఫిబ్రవరిలో నందిగామ డాక్టరు జగన్నాథరావు ఈ మాట అడిగితే దేవమణి నొచ్చుకుంది. మూడు నెలలుగా ఆమె మొగుడికి పెడుతున్నది అచ్చమైన పథ్యం మరి. సొలొమోను మిషను బళ్లో రెండో తరగతి పంతులు. నవంబరులో బోర్డు మీద ఎక్కం రాస్తూ కూలబడ్డాడు. కుడి చెయ్యీ, కాలూ, సగానికి పైగా మాటలూ పోయాయి. పక్షవాతమన్నారు. పప్పు వాతం, ఆకుకూర వాతం, చేప వాతం, పండు చలవ అంటూ అత్తగారు లూర్దమ్మ అన్నీ మాన్పించింది. మిగిలింది పాతబియ్యపు అన్నం, మూడేళ్ల నిమ్మకాయ ఊరగాయ. ఆ ముక్కలో పులుపు కంటే ఉప్పే ఎక్కువ.

డాక్టరు రక్తపు పోటు చూసి ఊరగాయ మాన్పించమన్నాడు. పప్పు, ఆకుకూరలు, జామపండు, దొరికితే మునేటి చేప పెట్టమన్నాడు.

"చచ్చిన నరం తిండితో లేచి రాదు. మిగిలిన మెదడునన్నా పస్తు పెట్టకు" అన్నాడు.

బడి మేనేజరు వరప్రసాదరావు జూన్ దాకా గడువిచ్చాడు. బడి తెరిచిన రోజు హాజరు పిలవగలిగితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే పోతుంది. దేవమణి పాత హాజరుపట్టీ ఇంటికి తెచ్చింది. అందులో ముప్పై రెండు పేర్లు. మొదటి రోజు సొలొమోను మూడు చదివాడు. నాలుగోది నోట్లోనే ఇరుక్కుపోయింది.

అంతలో లూర్దమ్మ కూతురి పురుటికని చందర్లపాడు వెళ్లింది. దేవమణి మిరపకోతకు పోయి, వస్తూ వస్తూ కాలవగట్టున పొన్నగంటికూర కోసుకొచ్చేది. చేపలు బసవమ్మ దగ్గర అరువు. పంతులుగారు బళ్లోకెళ్లాక ఇద్దువులే అనేది బసవమ్మ.

ఏప్రిల్ మొదటికి పేర్లు పంతొమ్మిది అయ్యాయి. ఓ పొద్దున ఇరవయ్యో పేరు దగ్గర ఆగి, "మణీ" అన్నాడు. ఆ పేరు పట్టీలో లేదు. దేవమణి మళ్లీ మొదట్నించీ చదవమంది, ఇంకోసారి అంటాడేమోనని.

లూర్దమ్మ తిరిగొచ్చి కొడుకు మాట విని మోకాళ్ల మీద పడింది. ఆదివారం గుళ్లో అందరూ కృతజ్ఞత చెప్పారు. ఆ ఘనతలో పొన్నగంటికూరకు వాటా రాలేదు. మర్నాటి నుంచి దేవమణి పొద్దున్నే వండిపెట్టి కూలికి పోయేది. మధ్యాహ్నం తినిపించేది లూర్దమ్మ.

మే నెలలో పేర్లు తగ్గసాగాయి. పదిహేను, తర్వాత పదకొండు. ఎండలనుకుంది దేవమణి. ఒకరోజు దేనికో, డాక్టరు మాన్పించాక సగం నిండుగా అటకెక్కించిన ఊరగాయ జాడీ దించితే అడుగున రెండే ముక్కలున్నాయి.

"అత్తా, ఎవరు తిన్నారిది?"

"నేనే పెట్టా" అంది లూర్దమ్మ. "దేవుడిచ్చిన మాటలు నీ ఆకులు మేపి పోగొడతావా? కన్నదాన్ని, నాకు తెలవదా?"

దేవమణి వండిపెట్టి పోయిన కూరంతా లూర్దమ్మ పెరట్లో దూడకు వేస్తోంది. తను మాత్రం ఆ జాడీలో ఒక్క ముక్క ముట్టలేదు, కొడుక్కి తక్కువవుతుందని. అది తెలిశాక దేవమణికి తిట్టడానికి నోరు రాలేదు.

ఊరగాయ వల్లే పేర్లు పోయాయా, ఎలాగూ పోయేవేనా అని అడిగితే డాక్టరు చెప్పలేనన్నాడు. పోటు మాత్రం మొదటికంటే ఎక్కువుందన్నాడు.

జూన్‌లో బడి తెరిచారు. సొలొమోనును కుర్చీలో కూర్చోబెట్టారు. దేవమణి గుమ్మం బయట నుంచుంది.

"ప్రేమానందం" అని పిలిచాడు. ఒకడు పలికాడు. రెండో పేరూ ప్రేమానందమే. మూడోదీ అదే. పిల్లలు మొదట నవ్వారు. తర్వాత, ఎవడి వంతుకు వాడు లేచి ఆ పేరుకే పలికారు. పదో పిల్లవాడి దగ్గర వరప్రసాదరావు పట్టీ మూసి, "చాలు మేష్టారూ" అన్నాడు.

సొలొమోను ఇంకో ఆరేళ్లు బతికాడు. మణీ అన్న మాట మళ్లీ వినపడలేదు. బసవమ్మకివ్వాల్సిన చేపల బాకీ తొమ్మిది రూపాయల పావలా ఇప్పటికీ తీరలేదు.