ఆనాడు చెరుకు బండ్లు నడుస్తుండెనా?

మా మేనత్త పోయింది. బోధన్‌లో, తన ఇంట్లోనే, పొద్దున చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, అది పొంగకముందే పోయింది. పక్కింటామె వచ్చి చూసి, ముందు స్టవ్ బంద్ చేసి, తర్వాత మాకు ఫోన్ చేసింది. ఆ వరుస మేనత్తకు నచ్చేది. ఏ పని ముందో ఏది వెనకో తెలిసినవాళ్లంటే ఆమెకు గౌరవం.

కాబట్టి నేను కూడా వరుసలోనే విన్నవించుకుంటాను. నేను ఆమె అన్న కొడుకును. నిజామాబాద్‌లో డిగ్రీ చేసి, సర్కారు కొలువుకు చదువుతున్నానని చెప్పుకుంటూ తిరుగుతున్నవాణ్ని. ఇంట్లో ఖాళీగా కనిపించేది నేనొక్కణ్నే కనుక మరణ ధ్రువీకరణ పత్రం పని నా నెత్తిన పడింది. మున్సిపల్ ఆఫీసులో ఫారం నింపుతుంటే ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. తండ్రి లేదా భర్త పేరు. నేను తాత పేరు రాశాను. క్లర్కు ఆధార్ కార్డు తిప్పి చూసి, ఇందులో భర్త పేరుంది కదా అన్నాడు. ఆ భర్తతో నేను పుట్టకముందే కోర్టులో తెగిపోయిందని చెప్పాను. అయితే డిక్రీ కాపీ పట్టుకురా తమ్మీ, అట్లనే రాస్త, అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆధార్ తీసిననాడు ఎవరో పాత ఓటరు కార్డు చూసి అదే పేరు కొట్టేశారు. మార్పించుకో అత్తా అని నేను ఎన్నిసార్లు పోరినా, "ఇప్పుడు నన్నెవరడుగుతరు అల్లుడా" అనేది.

అడిగారు.

డిక్రీ దొరక్కపోతే, పాతికేండ్లకు పైగా తండ్రి పేరుతోనే బతికిన మనిషి, చచ్చిపోయాక మళ్లీ ఆ భర్తకు భార్య అయిపోతుంది. రిజిస్టర్‌లో ఎక్కితే ఇక అదే ఖాయం. దేని మీదైనా జోకు వేయగలనని నాకు కాలేజీలో పేరు. దీని మీద రాలేదు.

అసలు విచిత్రం ఏమిటంటే, బోధన్ చుట్టుపక్కల విడాకుల కాగితం వెతికి తీయడంలో మా మేనత్త తర్వాతే ఎవరైనా. చేసేది జాకెట్లు కుట్టే పని. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు చేతులు పైకెత్తి నిలబడి ఊరికే ఉండలేక మాట్లాడేవాళ్లు. అట్లా కాగితం కష్టాలు బయటపడేవి. ఒకామెకు పాస్‌పోర్టుకు కావాలి, ఒకామెకు ఒంటరి మహిళ పింఛనుకు, ఇంకొకామెకు రెండో పెండ్లికి. కొందరు అది ఇచ్చేది తహసీల్ ఆఫీసనుకొని, దాని చుట్టూ తిరిగి వచ్చేవాళ్లు. కొందరు ఊరి పెద్దమనుషులు రాసిచ్చిన స్టాంపు కాగితాన్ని పెట్టె అడుగున భద్రంగా దాచుకొని, అదే విడాకులనుకునేవాళ్లు. మేనత్త ఆ కాగితం చదివి, మడిచి, వాళ్ల చేతిలోనే పెట్టి, ఇది కోర్టుకు పనికి రాదు చెల్లె, మొదటి నుంచి షురూ చేద్దాం అనేది.

ఆమె కొలతల నోటుబుక్కు నా దగ్గరుంది. నడుము ముప్పై రెండు, చెయ్యి తొమ్మిది, దాని కిందనే విడాకుల కేసు ఓ.పి. నంబరు, సంవత్సరం, కోర్టు పేరు. మనిషి లావైతే కొలత మార్చేది, నంబరు మాత్రం మారదు అల్లుడా అనేది. దరఖాస్తు కాగితాలు పిన్ను కొట్టేది కాదు. సూదీ దారంతో కుట్టేది, అదీ దరఖాస్తు పెట్టుకునే ఆమె చీర రంగు దారంతో. కోర్టు కాపీ సెక్షన్‌లో ఎవరి కాగితం ఏదో రంగు చూసి చెప్పేవారట. నేను నమ్మలేదు. ఆమె చెప్పిన చాలా విషయాలు నేను అప్పుడు నమ్మలేదు.

ఒకనాడు నందిపేట్ నుంచి ఒకామె వచ్చింది. ఆమెకు సంబంధం కుదిరింది, అవతలివాళ్లు డిక్రీ చూపించమన్నారు. నంబరు తెలియదు, వకీలు కాలం చేశాడు, సంవత్సరం కూడా యాదికి లేదు. ఫోన్లో కోర్టు వెబ్‌సైటు తీసి కూర్చోవడం నా డ్యూటీ. పేరు కొట్టాను. సంవత్సరం లేకుంటే అది ముందుకు కదలదు. నేను ఆమెను నాలుగుసార్లు అదే అడిగాను, ఆమె కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది. మేనత్త నన్ను మోచేత్తో పక్కకు జరిపింది.

"తీర్పు చెప్పిన్నాడు ఇంటికి పోయి ఏం పని చేసినవ్ చెల్లె?"

"ఏం పని అక్కా. మా ఇంట్ల పసుపు ఉడకబెడుతున్నరు. నేను గూడ పోయి గాడనే కూసున్న."

"ఏ చేన్ల పసుపు?"

"రోడ్డు మీది చేన్ల. బోరు ఏసినంక తొలి పంట."

"బోరు ఎప్పుడేసిన్రు?"

"మా తమ్ముని పదో తరగతి అయినంక. వాడు ఖాళీగ తిరుగుతుండని వాన్నే పైపుల కాడ పెట్టిన్రు."

"గిట్లాంటోడు మా ఇంట్ల గూడ ఉన్నడు," అని నావైపు చూసి, "తమ్మునికి ఫోన్ చెయ్యి. పదో తరగతి మెమో మీద సాలు ఉంటది" అన్నది.

ఉంది. ఆ సంవత్సరానికి, పసుపు ఉడికేది మరుసటేడు కనుక, ఒకటి కలిపి కొడితే కేసు తెర మీదికి వచ్చింది. ఆమె తన పేరును ఇంగ్లీషులో గుర్తుపట్టలేక, అది నేనేనా అని రెండుసార్లు అడిగింది.

పసుపు ఊళ్లవాళ్లను పసుపు అడిగేది, మా దిక్కువాళ్లను చెరుకు అడిగేది. ఆనాడు చెరుకు బండ్లు నడుస్తుండెనా? చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బండ్లు నడిచేది చలికాలమే కనుక, సగం సంవత్సరం అక్కడే తేలిపోయేది. ఆఖరుసారి ఇద్దరూ కలిసి ఏ ఊళ్లో కాపురమున్నరు, కేసు ముందు ఎవరేసిన్రు, ఇవి కూడా అడిగేది. కోర్టు ఏదో ఊరిని బట్టి తెలుస్తుంది, రిజిస్టర్‌లో ముందు కేసు వేసినవాళ్ల పేరే ఉంటుంది. కోర్టుకు బస్సెక్కాక మాత్రం ఒకటే మాట చెప్పేది.

"ఏడ్చేది ఉంటే బస్సులనే ఏడ్సుర్రి. కౌంటర్ కాడ నంబర్ చెప్పాలె."

మరి ఆమె సొంత డిక్రీ ఏమైంది? అరువు పోయింది. నవ్వకండి, నిజం. ఎవరైనా భయపడుతుంటే, తీర్పు ఒకటి, డిక్రీ ఒకటి, రెండూ అడుగు, గిట్లాంటి కాగితం కావాలని చూపియ్ అని తనదే చేతికిచ్చి పంపేది. పప్పు గుత్తి ఇచ్చినట్టు ఇచ్చేది. అది ముప్కాల్ పోయింది, వచ్చింది. కమ్మర్‌పల్లి పోయింది, వచ్చింది. తర్వాత ఎక్కడికి పోయిందో, మళ్లీ రాలేదు. తెచ్చుకో అత్తా అంటే, దాంతోని ఎవలికో పని పడ్డట్టుందిరా, ఉండనియ్ అన్నది.

నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చివరి దాకా చూశాను. అందరి నంబర్లూ ఉన్నాయి. ఆమెది లేదు. ఆమె కొలతలు కూడా లేవు.

సాయంత్రం బాపు పక్కన కూర్చున్నాను. మా బాపుకు తన పెండ్లి తారీఖు కూడా యాదికుండదు. ఏ సంవత్సరమని అడగలేదు. అంతకంటే బాగా అడగడం నాకు నేర్పింది ఒకామె.

"బాపూ, అత్తకు కోర్టుల తీర్పు అయిన్నాడు చెరుకు బండ్లు నడుస్తుండెనా?"

బాపు మెల్లగా అన్నాడు. "నడుస్తుండె. నిజామాబాద్ల బస్సు దొరకలే. ఎడపల్లి దాకా జీపుల వచ్చి, గాడికెళ్లి చెరుకు ట్రాక్టరెక్కినం. చెరుకు మీదనే కూసున్నది. ఫ్యాక్టరీ గేటు దాకా ఇరుసుకొని తింటనే వచ్చింది. నవ్వుతవా ఏడుస్తవా చెల్లె అంటే, నమలనియ్యి అన్నా అన్నది." ఆ మీదట, "గప్పుడు మీ అక్క మీ అమ్మ కడుపుల ఉన్నది. ఇంటికొచ్చినంక మీ అమ్మకు గూడ ఒక గడ ఇచ్చింది" అన్నాడు.

మా అక్క పుట్టింది ఎండాకాలం, తీర్పు దాని ముందటి చలికాలం. సంవత్సరం దొరికింది.

అంత పాత కేసు ఫోన్లో ఉండదు. నిజామాబాద్ కోర్టుకు పోయి, పాత రిజిస్టర్‌లో వెతికించమని అర్జీ పెట్టాను. కేసులో మనం లేము కనుక ఊరికే ఇవ్వరు. చనిపోయిన మనిషికి సొంత అన్ననని, కాపీ ఇందుకు కావాలని బాపుతో అఫిడవిట్ చేయించాను. మరణ పత్రం పెట్టమన్నారు. ఆ పత్రం కోసమే ఈ కాపీ అని, క్లర్కు తిప్పి పంపిన ఫారం చూపించాను. బెంచి మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. లోపలాయన కూడా నవ్వి తీసుకున్నాడు. కాగితాలు సూదితో కుట్టాను, వంకరగా వచ్చింది. ఆమెకు ఇష్టమైన చీర నెమలికంఠం రంగుది. ఆ రంగు దారం దొరికింది.

బస్సులో ఏడవడం కుదరలేదు. పక్కన కూర్చున్నాయన దారి పొడుగునా అల్లుడి మీద ఫిర్యాదు చెప్పాడు.

మూడోసారి పోయినప్పుడు కేసు కాగితాల కట్ట దొరికింది. రికార్డు రూమాయన దుమ్ము దులిపి విప్పాడు. పెండ్లి జరిగిందని రుజువుకు విడాకుల కేసులో పెండ్లి పత్రిక, పెండ్లి ఫోటో జత చేస్తారట. ఇన్నిసార్లు ఆమెతో వచ్చి కూడా ఇది నాకు తెలియదు. ఆ పెండ్లి ఫోటోలన్నీ మా నాయనమ్మ పొయ్యిలో పెట్టింది. మా ఇంట్లో ఏ ఫోటోలోనూ వయసులో ఉన్న మేనత్త లేదు. ఇవి కూడా కావాల్నా బాబూ అని ఆయన అడిగాడు. తల ఊపాను. దరఖాస్తులో రాయాలె మరి అన్నాడు. రాశాను.

కాపీలు వచ్చాయి. మున్సిపల్ క్లర్కు డిక్రీ చదివి, తాత పేరు రాసి, సరిచూసుకోమని నావైపు తిప్పాడు. అక్షరం అక్షరం చూసుకున్నాను. ఆమె పేరు, ఆమె తండ్రి పేరు. మధ్యలో ఎవరూ లేరు.

ఇంటికి వచ్చాక కవరులో చూడాల్సిన కాగితం ఒక్కటి మిగిలింది. ఫోటో జిరాక్సు, మూలకు కోర్టు ముద్ర. పందొమ్మిదేండ్ల అమ్మాయి, నాకంటే నాలుగేండ్లు చిన్నది. నుదుట బాసికం, భుజాల మీద తలంబ్రాలు. అందరూ కెమెరావైపు చూస్తుంటే ఆమె మాత్రం పక్కకు తిరిగి, నోరు సగం తెరిచి, ఫోటోలో పడని ఎవరికో ఏదో చెప్తున్నది. మాట సగంలో ఉంది. ఏమంటున్నదోనని కాగితాన్ని కండ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. దగ్గరికి తెస్తే ముఖం చెదిరిపోయి అన్నీ నల్ల చుక్కలే. దూరం జరిపితే మళ్లీ ఏదో చెప్తున్నది.