నీలం పూసిన బోరింగు

సువార్త నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. వేరుశనగ కూలికి పోయే తల్లి ఆమెను పెంచిన పల్లెలో బోరింగు నీళ్లు తాగి ఆమె పళ్లకు గోధుమరంగు గార పట్టింది. తప్పు ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌దని బీయెస్సీలో గానీ ఆమెకు తెలియలేదు. అందుకే ఉరవకొండ దగ్గరి పల్లె హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన రోజే ముందు బోరింగు చూసుకుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరింగుకు, తాగొద్దని చెప్పడానికి, అధికారులు ఎర్రరంగు పూయిస్తారు. ఇది నీలంగా ఉంది. అమ్మయ్య అనుకుని ఐదేళ్ల కూతురు కెజియాకు పద్నాలుగు నెలలు ఆ నీళ్లే పట్టింది.

2006లో దసరా సెలవులయ్యాక, పేపర్లో వచ్చిన ఫొటో ఒకటి కత్తిరించి తొమ్మిదో తరగతికి తెచ్చింది. హబుల్ టెలిస్కోపుకు చిక్కిన యురేనస్. దాని మేఘాల మీద కొత్తగా ఒక నల్లమచ్చ.

“ఇది సూర్యుడికి దాదాపు రెండువందల తొంభై కోట్ల కిలోమీటర్ల దూరం. ఆడికి మనిషి పోలేదు. అయినా దాని గాలిలో మీథేన్ ఉండాదని తెలుసు. ఎట్ల? ఎండలో ఉండే ఎరుపును మీథేన్ మింగేస్తాది. మిగిలిన నీలిపచ్చ వెలుగు మన దాకా వస్తాది. టెలిస్కోపు ఆ వెలుగును విడగొట్టి చూస్తాది. రంగు అబద్ధం చెప్పదు.”

“చెప్తాది టీచర్,” అంది ముందు బెంచీలో పద్మప్రియ. “మన బోరింగు ముందు ఎర్రగా ఉండె. మంత్రి వస్తాండాడని నీలం పూసినారు.”

పిల్లలు నవ్వారు. సువార్త బెల్లు కొట్టకముందే బోరింగు దగ్గరికి నడిచి, తాళంచెవితో గీకింది. నీలం పెచ్చు కింద ఎరుపు.

కెజియాకు ఇంకా పాలపళ్లే. కానీ రేపు రాబోయే పళ్లు ఇప్పుడు చిగుళ్ల లోపల తయారవుతున్నాయి. ఆ లెక్క తెలిసిన సువార్తకు ఒళ్లు మండిపోయింది. బడినుంచి కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా సర్పంచి సోమప్ప ఇంటికి పోయింది.

“బోరింగుకు నీలం పూయమనింది ఎవరు సర్పంచన్నా?”

“నేనే. మంత్రి ముందర ఊరు చూసేకి బాగుండొద్దా?”

“మంత్రి పోయినాడు గదా. మళ్లా ఎరుపెందుకు పూయలేదు?”

“ఎవురూ అడగల్యా టీచరమ్మా. ఆ నీళ్లు తాగి ఎవురన్నా సచ్చినారా? నువ్వు పాఠం చెప్పుకో, పో.”

“ఊరికి కీడు చేసి నాకు పాఠం చెప్పుకోమంటావా?”

లోపల్నుంచి సోమప్ప భార్య బయమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి నీళ్లివ్వకుండా ఆ ఇంట్లో మాట మొదలుపెట్టరు. ఈసారి ఆలస్యమైంది.

సువార్త చెంబు అందుకోలేదు. “ఈ నీళ్లు యాడివక్కా?”

“మా తోట బావివి. తాగమ్మా, తియ్యగుంటాయి. బోరింగు నీళ్లు మా ఇంట్లో ఎవురూ ముట్టం,” అంది బయమ్మ, అదేదో మర్యాద చేస్తున్నట్టు.

సోమప్ప గొంతు సవరించుకున్నాడు. సువార్త చెంబు తీసుకుని కెజియాకు పట్టింది. పిల్ల గటగటా తాగింది.

“రేపు పొద్దున ఊరంతా బిందెలెత్తుకుని మీ తోటకొస్తాది. ఎందుకొస్తాదో ఇంటింటికీ పోయి నేనే చెప్తా.”

“అది నా పట్టాభూమి టీచరమ్మా. గేటుకు తాళమేస్తా.”

“వెయ్యి. తాళమెందుకేసినావో కలెక్టరుకు నువ్వు చెప్పుకో. రంగు సంగతి నేను రాసిస్తా.”

మర్నాడు ఇరవైమంది ఆడవాళ్లు తోట ముందు నిలబడ్డారు. గేటుకు తాళం ఉంది. అరగంటకు బయమ్మ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా తాళం తీసింది. అందరికన్నా ముందు లోపలికి పోయింది సువార్త. గేటు తీసినందుకు ఆమె ఎవరికీ దండం పెట్టలేదు.